భాగస్వామ్యం రద్దయ్యాక లెక్క తెంచుకోవడం: రాయగడ దుకాణం గురించిన ప్రశ్నకు సమాధానం

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైన విషయం ఇది. ఒడిశాలోని రాయగడలో ఇనుము, సిమెంటు, రంగుల దుకాణాన్ని ముగ్గురు సమాన వాటాలతో నడిపారు. దుకాణంలో కూర్చున్నది మీరు, పెట్టుబడిలో పెద్ద భాగం పెట్టినది పార్వతీపురంలో ఉంటున్న మీ బావగారు, మూడోవారు మీ ఒడియా మిత్రుడు. నాలుగు నెలల కిందట ముగ్గురూ స్టాంపు కాగితం మీద సంతకాలు చేసి సంస్థను రద్దు చేసుకున్నారు. లెక్కల పుస్తకాలు, అంటే రోజువారీ చిట్టా, ఖాతాల ఆవర్జాలు బావగారి దగ్గర ఉన్నాయి. పాత బాకీలను మిత్రుడు తన సొంత ఖాతాలోకి వసూలు చేసుకుంటున్నారు. గోదాము స్థలం సంస్థ డబ్బుతో కొన్నా బావగారి పేరునే ఉంది. ముందు తన పెట్టుబడి ఇచ్చేస్తే తాను తప్పుకుంటానని ఆయన అంటున్నారు. సంస్థను ఎన్నడూ రిజిస్టరు చేయించలేదు కాబట్టి కోర్టుకు వెళ్లే దారే లేదని ఎవరో మీతో అన్నారు.

ఆ చివరి మాట నిజం కాదు. మిగిలినవాటికీ దారులున్నాయి. రాయగడ, గుణుపురం, పార్వతీపురం వర్తకుల లెక్కలు చాలాకాలంగా చూస్తున్నవాడిగా ఒక్క సంగతి ముందుగా గట్టిగా చెబుతాను: రద్దు పత్రం రాసుకోవడంతో సంస్థ ముగిసిపోలేదు, దాని ముగింపు అక్కడ మొదలైంది. సరుకు, బాకీలు, స్థలం, అప్పులు అన్నీ ఒక్క పట్టీలోకి, అంటే ఒక్క జాబితాలోకి వచ్చి, బయటివారి అప్పులు తీరేవరకు ఏ భాగస్తుడూ ఒక్క రూపాయి కూడా తన వాటాగా తీసుకోకూడదు. మీ ముగ్గురి మధ్య ఇప్పుడు నడుస్తున్న గొడవంతా ఈ ఒక్క నియమం తప్పడం వల్ల వచ్చిందే.

1932 నాటి భారత భాగస్వామ్య చట్టం ప్రకారం రద్దు తరువాత భాగస్తులకు కొత్త వ్యాపారం చేసే అధికారం పోతుంది. అయితే లెక్క తేల్చడానికి, మొదలుపెట్టి పూర్తికాని లావాదేవీలను ముగించడానికి అవసరమైనంత మేరకు వారి అధికారాలు, బాధ్యతలు నిలిచే ఉంటాయని 47వ సెక్షన్ చెబుతోంది. ఉన్న సరుకు అమ్మవచ్చు, బయానా తీసుకున్న ఆర్డరు ఇచ్చేయవచ్చు, బాకీ వసూలు చేసి రసీదు ఇవ్వవచ్చు. విశాఖపట్నం డీలరు దగ్గర కొత్తగా అరువు మీద లారీ సిమెంటు దించుకోవడం మాత్రం కుదరదు. అలా ఎవరైనా దించుకుంటే, మీ రద్దు సంగతి తెలియని ఆ డీలరుకు ముగ్గురూ బాధ్యులవుతారు. బహిరంగ ప్రకటన ఇచ్చేవరకు ఈ ప్రమాదం ఉంటుందని 45వ సెక్షన్ సారాంశం. మీరు ప్రకటన ఇచ్చినట్లు ఎక్కడా రాయలేదు కనుక మొదట చేయవలసిన పని అదే.

ప్రకటన ప్రభుత్వ రాజపత్రం (గెజిట్)లోనూ, సంస్థ వ్యాపారస్థానం ఉన్న జిల్లాలో చెలామణి అయ్యే ఒక ప్రాంతీయ భాషా పత్రికలోనూ రావాలి. సరిహద్దున ఉన్నవాళ్లు తరచుగా తడబడేది ఇక్కడే. భాగస్తుల్లో ఇద్దరు తెలుగువారే కదా అని విజయనగరం వైపు సంచికలో తెలుగు ప్రకటన ఒక్కటి వేయించి ఊరుకుంటారు. మీ వ్యాపారస్థానం రాయగడ జిల్లా కాబట్టి అక్కడ చదివే ఒడియా పత్రికలో తప్పకుండా రావాలి. మీకు సరుకు అరువిచ్చేవారు బొబ్బిలి, విజయనగరం, విశాఖపట్నం వర్తకులు కనుక తెలుగు పత్రికలోనూ వేయించడం మంచిది; దానితోపాటు ఒక్కొక్క డీలరుకూ, బ్యాంకుకూ స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి రసీదులు దాచుకోండి. రిజిస్టరైన సంస్థ అయితే సంస్థల రిజిస్ట్రారుకు కూడా నోటీసు ఇవ్వవలసి ఉండేది. మీకు ఆ పని లేదు.

బ్యాంకు ఖాతా నుంచి ఏ ఒక్కరి సంతకంతోనూ డబ్బు తీయడానికి వీల్లేకుండా ముగ్గురి సంతకాలు అవసరమయ్యేలా ఉత్తరం ఇవ్వండి. గల్లా దగ్గర ఇంకా ఏ క్యూఆర్ అట్ట ఉందో, దాని డబ్బు ఎవరి ఖాతాకు చేరుతోందో చూడండి. సంస్థ పేరున రాబోయే తేదీలు వేసి ఇచ్చిన చెక్కులు ఉంటే వాటి జాబితా రాసుకోండి. రద్దయింది కదా అని ఖాతా మూసేస్తే ఆ చెక్కులు తిరిగివచ్చి, సంతకం చేసినవారి మీద చెక్కుల కేసు అవుతుంది.

ఇక పట్టీ తయారుచేయడం. దీనికి రద్దు తేదీనే కొలమానంగా పెట్టుకోవాలి. ఆ రోజుకు నిలవ సరుకు ఎంత, రావలసిన బాకీలు ఎంత, ఇవ్వవలసినవి ఎంత అని రాయాలి. నాలుగు నెలలు గడిచాయి కనుక ఇవాళ సరుకు లెక్కపెట్టి, మధ్యలో జరిగిన అమ్మకాలను బిల్లుల ప్రకారం కలిపి, రద్దు తేదీకి వెనక్కి లెక్క కట్టుకోవలసి ఉంటుంది. ముగ్గురూ ఉండగా, లేదా ముగ్గురూ ఒప్పుకున్న ఒక పెద్దమనిషి ఉండగా లెక్కపెట్టండి. సంచులు ఇన్ని, డబ్బాలు ఇన్ని అని సంఖ్య రాసి వదిలేయకుండా, అమ్ముడుపోయే ధర ఎంతో పక్కన రాయండి. వానాకాలం దాటిన గోదాములో అడుగు వరస సిమెంటు సంచులు చేతితో నొక్కి చూస్తే సగానికి సగం గడ్డకట్టి ఉంటాయి. వాటికి కొన్న ధర వేస్తే లెక్క ఉబ్బుతుంది, ఆ ఉబ్బు మీద వాటాలు పంచుకుంటే చివర్లో ఎవరో ఒకరు మోసపోయినట్లు అనుకుంటారు. రంగు డబ్బాల మీద తయారీ నెల చూడండి, గడువు దాటినవి వేరుగా పెట్టండి. కలిపే యంత్రం, తూకం కాటా, బల్లలు, అద్దెకిచ్చిన సెంట్రింగు సామాను సైతం పట్టీలోకి రావాలి. సెంట్రింగు సామాను ఎవరి ఇంటి పైకప్పు కింద ఉందో మరిచిపోవడం మన వైపు మామూలే.

బావగారి దగ్గరున్న పుస్తకాల విషయంలో మీకు హక్కు స్పష్టంగా ఉంది. సంస్థ లెక్కలు చూడడానికి, నకలు రాసుకోవడానికి ప్రతి భాగస్తుడికీ 12వ సెక్షన్ అధికారం ఇస్తుంది. అక్కగారి ద్వారా మాట పంపి ఊరుకోకుండా, మర్యాదగానే రాతపూర్వకంగా అడగండి. ఫలానా తేదీన ఫలానాచోట కూర్చుందాం, పుస్తకాలు తెండి, ప్రతి పేజీ ఫొటో తీసుకుందాం అని. చుట్టరికం ఉన్నచోట కాగితం పెట్టడం అవమానమని కొందరు అనుకుంటారు. నా అనుభవంలో కాగితం ఉన్నచోటే చుట్టరికం నిలబడింది.

మీ మిత్రుడు వసూలు చేస్తున్న బాకీల గురించి మీరు చాలా కోపంగా రాశారు. ఆయన వసూలు చేయడం తప్పు కాదు. రద్దు తరువాత కూడా భాగస్తుడు సంస్థ తరఫున బాకీ పుచ్చుకోవచ్చు. తన సొంత ఖాతాలో ఉంచుకోవడమే తప్పు. వసూలైన ప్రతి రూపాయీ పట్టీలో ఆయన పేరున జమాకు ఎదురుగా రాయండి. పంపకంలో అది ఆయనకు ముందే ముట్టినదిగా తీసివేయబడుతుంది. రద్దుకూ తుది లెక్కకూ మధ్య సంస్థ పేరు వాడి గానీ, ఆస్తి వాడి గానీ ఎవరైనా సొంతానికి లాభం సంపాదిస్తే అది కూడా సంస్థకు లెక్క చెప్పాలి. పోలీసు ఠాణాకు వెళ్లమని మీకు సలహా ఇచ్చినవారి మాట వినకండి. భాగస్వామ్య డబ్బు మీద భాగస్తుడికి సహజంగానే అధికారం ఉంటుంది కాబట్టి, ప్రత్యేకంగా ఒప్పగించిన ఒప్పందం ఉంటే తప్ప అది నేరపూరిత నమ్మకద్రోహం కాదని సుప్రీంకోర్టు 1964లోనే చెప్పింది. ఠాణా మెట్లెక్కితే బాకీ రాదు, మాటలు మాత్రం తెగిపోతాయి.

బాకీదారుల దగ్గరకు ఇప్పుడే వెళ్లండి. అరువు బాకీకి గడువు మూడేళ్లు. పల్లెల వారి పద్దుల కింద సంతకం లేకపోతే, 'ఫలానా తేదీకి మీకు ఇంత ఇవ్వవలసి ఉన్నాను' అని గడువు దాటకముందే సంతకం చేయించుకుంటే ఆ తేదీ నుంచి గడువు మళ్లీ కొత్తగా మొదలవుతుంది. రాని బాకీలను మొండి బాకీలుగా విడిగా రాసి, ఎప్పుడు వచ్చినా మూడు వాటాలుగా పంచుకోవాలని ముందే షరతు పెట్టుకోండి.

ఇప్పుడు అసలు ప్రశ్న: ముందు ఎవరికి? ఒప్పంద పత్రంలో వేరే షరతు లేకపోతే 48వ సెక్షన్ వరస ఇది. మొదట బయటివారి అప్పులు. తరువాత భాగస్తుడు పెట్టుబడికి మించి సంస్థకు అప్పుగా ఇచ్చిన డబ్బు. ఆ తరువాత పెట్టుబడులు. ఇంకా మిగిలితే లాభం వాటాల ప్రకారం పంచుకోవాలి. నష్టం వస్తే అది ముందు లాభాల్లోంచి, తరువాత పెట్టుబడుల్లోంచి, అదీ చాలకపోతే లాభం పంచుకునే నిష్పత్తిలోనే ఒక్కొక్కరి సొంత డబ్బులోంచి పూడ్చాలి. మీరు అంకెలు ఇవ్వలేదు కాబట్టి ఊహకు కొన్ని తీసుకుంటాను. సరుకు, బాకీలు, సామాను అన్నీ డబ్బుగా మారితే 37 లక్షలు వచ్చిందనుకోండి. బ్యాంకు, డీలర్లు, అద్దె, జీతాలు, పన్నులు కలిపి 21 లక్షలు. మిగిలినది 16. బావగారు ఒక సీజనులో పెట్టుబడి కాకుండా అప్పుగా వేసినది 4 లక్షలు. అది ఇచ్చేస్తే 12. పెట్టుబడులు బావగారివి 9, మీవి 6, మిత్రునివి 3, మొత్తం 18. అంటే 6 లక్షల లోటు.

ఈ 12 లక్షలను ఎలా పంచాలనే దగ్గరే ఇళ్లు విడిపోతాయి. సమాన వాటాలు కాబట్టి తలా 4 అని మిత్రుడు అంటాడు. పెట్టుబడి దామాషాలో 6, 4, 2 అని ఇంకొకరు అంటారు. నా 9 నాకు ముందు ఇచ్చేయండి, మిగిలిన 3 మీరు చూసుకోండి అని బావగారు అంటారు. మూడూ తప్పే. లోటు కూడా నష్టమే కనుక లాభం వాటా ప్రకారం తలా 2 లక్షలు మోయాలి. అప్పుడు బావగారికి 7, మీకు 4, మిత్రునికి 1 లక్ష వస్తుంది. మిత్రుని పెట్టుబడి 1 లక్షే అయి ఉండి, మొత్తం లోటు అంతే ఉంటే, ఆయన తన జేబులోంచి 1 లక్ష తెచ్చి వేయవలసి వచ్చేది. ఈ లెక్కను మీ బావగారి ముందు కాగితం మీద వేసి చూపండి. ఆయన అప్పుగా ఇచ్చిన 4 లక్షలు పెట్టుబడుల కంటే ముందు తీరుతాయని తెలిస్తే ఆయన మనసు కొంత కుదుటపడుతుంది. ఒప్పందం మౌనంగా ఉంటే ఆ అప్పు మీద ఏడాదికి నూటికి 6 వడ్డీ ఆయనకు చట్టప్రకారమే వస్తుంది. అలాగే ఒప్పందంలో రాసుకోకపోతే పెట్టుబడి మీద వడ్డీ గానీ, దుకాణంలో కూర్చున్నందుకు మీకు జీతం గానీ ఉండవు. ఇది మీకు బాధ కలిగించవచ్చు. ఇన్నేళ్లు ఉదయం తలుపు తీసి రాత్రి తాళం వేసినది మీరే. ముగ్గురూ ఒప్పుకుంటే ఇప్పుడైనా ఒక మొత్తం రాసుకోవచ్చు, హక్కుగా అడగడానికి మాత్రం ఆధారం లేదు.

బ్యాంకు క్యాష్ క్రెడిట్, అంటే వ్యాపారానికి వాడుకునే పరిమితి అప్పు ఉంటే దాన్ని అందరికంటే ముందు తీర్చండి. ఆ అప్పు బావగారు తీరుస్తారు అని మీలో మీరు రాసుకున్న మాట బ్యాంకును కట్టడి చేయదు. సంస్థ అప్పుకు ప్రతి భాగస్తుడూ సంయుక్తంగానూ విడిగానూ బాధ్యుడు. పైగా వ్యక్తిగత జామీను సంతకాలు వేరే ఉంటాయి. బ్యాంకు రాతపూర్వకంగా విడుదల చేసి, తాకట్టు కాగితాలు తిరిగి ఇచ్చేవరకు ఎవరూ బయటపడినట్లు కాదు.

గోదాము స్థలం గురించి. సంస్థ డబ్బుతో కొన్న ఆస్తి, వేరే ఉద్దేశం కనిపించకపోతే, ఎవరి పేరున ఉన్నా సంస్థ ఆస్తేనని 14వ సెక్షన్ చెబుతోంది. డబ్బు సంస్థ ఖాతాలోంచి వెళ్లిన బ్యాంకు పద్దు, చిట్టాలోని ఖర్చు పద్దు మీకు బలమైన ఆధారాలు. ఇది బేనామీ అవుతుందేమోనని భయపడకండి. భాగస్తుడు నమ్మక స్థానంలో ఉండి సంస్థ కోసం తన పేరున ఆస్తి ఉంచుకోవడాన్ని బేనామీ చట్టమే మినహాయించింది. పంపకంలో స్థలం ఒకరికి వదిలితే రిజిస్ట్రేషన్ కావాలా అన్నదానికి సుప్రీంకోర్టు 1966లో అద్దంకి నారాయణప్ప కేసులో జవాబిచ్చింది. ధర్మవరం వైపు రెండు తెలుగు కుటుంబాలు బియ్యం, వేరుశనగ మిల్లు వ్యాపారంలో లెక్క తెంచుకుని రాసుకున్న కరారు (ఒప్పందం) మీద వచ్చిన కేసు అది. భాగస్తుడికి సంస్థలో ఉన్న హక్కు చరాస్తి స్వభావం గలదని, అందులో స్థిరాస్తి కలిసి ఉన్నా ఆ హక్కు వదులుకున్న పత్రానికి రిజిస్ట్రేషన్ అవసరం లేదని తీర్పు వచ్చింది. అయినా మీ గోదాము బావగారి సొంత పేరున ఉంది కాబట్టి, అది మీకో మిత్రునికో వచ్చేట్లయితే రిజిస్టరు దస్తావేజు రాయించుకోండి. తహసీల్దారు దగ్గర పట్టా మార్పు వేళ అదే పనికొస్తుంది.

రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డు ప్రాంతం కనుక ఇంకొకటి చూడాలి. ఆంధ్ర వైపు ఏజెన్సీలో గిరిజనేతరుల మధ్య కూడా భూమి చేతులు మారకూడదు. 1970 నాటి సవరణ అలా ఉంది. బావగారు ఆ నిబంధన మనసులో పెట్టుకుని ఈ స్థలం ఎవరికీ మారదని అంటున్నారేమో. ఒడిశాలో 1956 నాటి రెగ్యులేషన్ గిరిజనుని భూమి గిరిజనేతరునికి పోకుండా ఆపుతుంది, గిరిజనేతరుల మధ్య బదిలీని కాదు. కాబట్టి మీ స్థలాన్ని మొదట ఎవరు అమ్మారో పాత పట్టా తీసి చూడండి. వెనక ఎక్కడైనా గిరిజన రైతు పేరు ఉంటే, మీ పంపకం సంగతి పక్కన పెట్టి ముందు ఆ అమ్మకం చెల్లుతుందా అని స్థానిక న్యాయవాదితో చూపించుకోండి. ఆ భూమి నిజంగా వారిదే అయితే దాని విలువను పట్టీలో వేసుకునే హక్కు మీకు లేదు.

జీఎస్టీ విషయంలో తొందరపడి రిజిస్ట్రేషన్ రద్దు చేసుకోకండి. నిలవ సరుకు బిల్లు మీద అమ్మాలంటే ఒడిశా కోడు 21తో మొదలయ్యే ఆ జీఎస్టీ నంబరు కావాలి. అమ్మకం ముగిసి వ్యాపారం ఆగిన 30 రోజుల్లోగా రద్దుకు దరఖాస్తు, రద్దు ఉత్తర్వు తరువాత మూడు నెలల్లోగా తుది రిటర్ను వేయాలి. అప్పటికి మిగిలిన సరుకు మీద వాడుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుకు దక్కిన తగ్గింపు), లేదా ఆ సరుకు మీద అమ్మకపు పన్ను, రెండింటిలో ఏది ఎక్కువైతే అది కట్టాలి. బావగారు తన వాటా కింద సరుకు పార్వతీపురం తీసుకెళతానంటే అది కూడా బిల్లు, రవాణాకు ఈ-వే బిల్లు కావలసిన సరఫరాయే. మీరొక్కరే దుకాణం కొనసాగించే ఆలోచన ఉంటే దారి సులువు. మీ సొంత పాన్ మీద కొత్త నంబరు తీసుకుని, నడుస్తున్న వ్యాపారాన్ని అప్పులతో సహా పూర్తిగా బదిలీ చేసుకుంటే, మిగిలిన క్రెడిట్‌ను ఐటీసీ-02 ఫారం ద్వారా మార్చుకోవచ్చు. పాత సంస్థ నంబరుతో మీరొక్కరే నడపడం మాత్రం కుదరదు. అప్పుడు దుకాణం పేరుకు, గిరాకీకి ఎంత విలువ కడతారో కూడా ముగ్గురూ రాసుకోవాలి.

ఆదాయపు పన్నులో ఒక్క జాగ్రత్త చాలు. రద్దు సమయంలో భాగస్తులకు సరుకు గానీ స్థలం గానీ ఇస్తే, సంస్థ దాన్ని ఆనాటి బజారు ధరకు అమ్మినట్లే భావించి సంస్థ మీద పన్ను వేసే నియమం 2021 ఫైనాన్స్ చట్టంతో వచ్చింది. గోదాము ధర పెరిగి ఉంటే ఆ పన్నును కూడా బయటివారి అప్పుల్లో ముందే కలుపుకోండి.

రిజిస్టరు కాని సంస్థ భాగస్తులు కోర్టుకు వెళ్లలేరనే మాట భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్‌ను సగం చదవడం వల్ల వచ్చింది. రద్దయిన సంస్థ లెక్కల కోసం, దాని ఆస్తిని రాబట్టుకోవడం కోసం వేసే దావాకు అదే సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. మహారాష్ట్ర ఆ మినహాయింపును సవరణతో కుదిస్తే, సుప్రీంకోర్టు 2009లో ఆ సవరణను కొట్టేసింది. కాబట్టి చంద్రపూర్, గడ్చిరోలి వైపు ఉన్న తెలుగు వర్తకులకూ ఇదే వర్తిస్తుంది. గడువు మాత్రం రద్దు తేదీ నుంచి మూడేళ్లు. చుట్టాల మధ్య రాయబారాలు నడుస్తున్నంత మాత్రాన ఆ గడువు ఆగదు. పండుగకు కూర్చుందాం, పెళ్లయ్యాక చూద్దాం అంటూ మూడేళ్లు దాటించుకున్నవారిని నేను చూశాను. మీకు నాలుగు నెలలు అప్పుడే పోయాయి.

ఒప్పంద పత్రంలో మధ్యవర్తి తీర్పు షరతు ఉంటే ఆ దారి తప్పనిసరి. లేకపోతే 3 లక్షలు, ఆపైన విలువ ఉన్న భాగస్వామ్య వివాదం వాణిజ్య వివాదం కింద వస్తుంది. అత్యవసర ఉత్తర్వు కోరకపోతే దావాకు ముందు జిల్లా న్యాయసేవా సంస్థ ద్వారా మధ్యవర్తిత్వానికి వెళ్లాలి. ఆ కాలాన్ని గడువులో లెక్కపెట్టరు. దీన్ని అడ్డంకిగా చూడకండి. బావగారు, మీరు, మిత్రుడు ఒక బల్ల దగ్గర కూర్చునే అవకాశం అదే. అక్కడ సంతకమైన రాజీకి చట్టబలం ఉంటుంది. మీ పుస్తకాలు తెలుగులో ఉన్నాయి కనుక ముఖ్యమైన పద్దులకు ముందుగానే అనువాదం చేయించి ఉంచుకోండి.

అన్నీ తేలాక తుది పరిష్కార పత్రం రాసుకోవాలి. అందులో రద్దు తేదీ, పట్టీ, ఎవరికి ఎంత ముట్టిందన్న వివరం, తరువాత బయటపడే బాకీ గానీ పన్ను నోటీసు గానీ వస్తే ఎవరు ఎంత మోయాలన్న షరతు, మొండి బాకీల వసూలు ఎవరి పని, పుస్తకాలు ఎవరి దగ్గర ఉంటాయన్న మాట తప్పక ఉండాలి. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. పుస్తకాలు ఒకరి దగ్గర ఉంచి, పూర్తి నకళ్లు మిగిలిన ఇద్దరికీ ఇవ్వండి. ముగ్గురి సంతకాలు, ఇద్దరు సాక్షులు, మూడు ప్రతులు. బ్యాంకు ఖాతా, సంస్థ పాన్ ఆ పత్రం తరువాతే, పన్ను వాపసులేమైనా ఉంటే అవి జమ అయ్యాకే మూసివేయండి.